చేపలు నిలిచిన బల్ల

శనివారం తెల్లవారి అయిదుంబావుకు ఎతేరి నీలిగుడ్డను ఇస్త్రీ చేస్తోంది. ఇస్త్రీపెట్టె దగ్గరికి వస్తుంటే గుడ్డ మీది చేపలు ఒక్కొక్కటే పక్కకు తప్పుకుని, పెట్టె దాటిపోయాక వెచ్చటి మడతలోకి మళ్ళీ వచ్చి చేరుతున్నాయి. వాటిలో ఒక పిల్లచేప మహా మొండిది. ఆఖరి క్షణం దాకా కదలదు. ఎతేరి దాన్ని గోటితో పక్కకి నెట్టింది.

"రైలు ఆరున్నరకి," అన్నాడు గురామ్ స్నానాలగదిలోంచి.

"నాకు తెలీదా? టిక్కెట్లు కొన్నది నేను."

"కొన్నదీ నువ్వే, తప్పిపోతే దానికి కారణమూ నువ్వే. ఆ గుడ్డకి ముడతలుంటే ఏం? దాని మీద కూర్చునేది చేపలేగా."

"ముడతలుంటే వాటికి ఈదడం కష్టం. నీకు లిఫ్టు తాళ్ళ సంగతి తెలిసినంత నాకు చేపల సంగతి తెలుసు. ముందు గడ్డం గీసుకో."

గురామ్ గెంట్ నగరంలో లిఫ్టులు బాగుచేస్తాడు. ఎతేరి కాలువ పక్క బేకరీలో పిండి కలుపుతుంది. ఇద్దరిదీ జార్జియా దేశం, కుతైసి ఊరు. బెల్జియం వచ్చి ఏడేళ్ళయింది. ఈ ఏడేళ్ళలో వాళ్ళ అద్దెయింటి గోడలో ఒక్క మేకు దిగలేదు. ఫోటోలు పుస్తకాల మధ్య ఉంటాయి, పెట్టెలు మంచం కింద ఉంటాయి, చలికోట్లు కుర్చీల వీపుల మీద వేలాడుతుంటాయి. ఎవరైనా వచ్చి చూస్తే వీళ్ళు నిన్ననే దిగారనో, రేపే వెళ్తున్నారనో అనుకుంటారు. ఎవరూ రారు కనక ఆ గొడవ లేదు.

నీలిగుడ్డ ఎతేరి తల్లిది, అంతకు ముందు ఆవిడ తల్లిది. ముదురు నీలిరంగు అద్దకం, అంచున ద్రాక్షతీగ, మధ్యలో తెల్లటి చేపలు. కూతురి పెళ్ళినాడు దాన్ని మడిచి చేతిలో పెట్టి తల్లి ఒకే మాట చెప్పింది. "మంచి భోజనం వండించి దీన్ని పరిచి చూడు. చేపలు ఏ బల్ల మీద నిలిస్తే అక్కడ పొయ్యి పెట్టుకో." ఆవిడకి అత్తవారింటి వరండాలోనే, కాపురానికి వచ్చిన మూడోనాడే నిలిచాయి. అమ్మమ్మకి రెండేళ్ళు పట్టింది. ఎతేరికి కుతైసిలో నిలవలేదు. గెంట్‌లో నిలవలేదు. అందుకని సెలవు దొరికినప్పుడల్లా గుడ్డ సంచిలో పెట్టుకుని, ఏదో ఒక ఊళ్ళో పేరుపడ్డ బల్ల వెతుక్కుంటూ వెళ్తారు.

పోర్తోలో కాల్చిన సార్డీన్ చేపలు తెప్పించుకున్నారు. పళ్ళెం బల్ల మీద పెట్టగానే గుడ్డ మీదివన్నీ అంచు కిందికి దూరిపోయాయి. వడ్డించే అతను చాలా నొచ్చుకుని, క్షమాపణ చెప్పి, పళ్ళెం తీసుకుపోయి పేగుల కూర తెచ్చాడు. లుబ్లియానాలో చేపలు పక్క బల్ల వైపే చూస్తూ ఉండిపోయాయి. గ్దాన్స్క్‌లో బాతు మాంసం బాగుంది కానీ చేపలు గుండ్రంగా తిరిగి తిరిగి గురామ్‌కి కళ్ళు తిరిగేలా చేశాయి. పలెర్మోలో వీళ్ళు సూప్ తాగేదాకా మూడు చేపలు కునుకు తీశాయి. ఎతేరి గ్లాసు పట్టుకున్న చెయ్యి దించకుండా చూసింది. నిమ్మకాయ ముక్క జారిపడ్డ చప్పుడుకి అవి లేచి వెళ్ళిపోయాయి.

ఒకసారి గెంట్‌లోనే, ఎతేరి పనికి వెళ్ళినప్పుడు, గురామ్ ఒక చేపను గుండుసూదితో గుచ్చి చూశాడు. అది ఉన్నచోటనే ఉండి తోక కొట్టుకుంది. వెంటనే సూది తీసేశాడు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం ముట్టలేదు.

ఆరున్నర రైలు అందింది. బ్రస్సెల్స్‌లో మారి లగ్జెంబర్గ్ రైలు ఎక్కారు. అక్కడ నది ఒడ్డున ఒక హోటల్లో పొగబెట్టిన పంది మెడ మాంసం, చిక్కుడు గింజలతో వండుతారని బేకరీలో ఎవరో చెప్పారు. పన్నెండున్నరకి బల్ల చెప్పి ఉంచారు. కిటికీ బయట వాన పల్చగా మొదలై, కొండలు వచ్చేసరికి గాలితో కలిసి అద్దాన్ని కొడుతోంది.

"సోమవారం," అన్నాడు గురామ్.

"తిన్నాక మాట్లాడదాం."

"తిన్నాక చేపల గురించి మాట్లాడతావు. ఎతేరి, పోర్టు దగ్గర కడుతున్న ఆ బిల్డింగులు చూశావుగా? వాటి లిఫ్టులన్నీ నా చేతికిస్తారట. పదేళ్ళకి సంతకం. సోమవారం మధ్యాహ్నంలోపు అవునో కాదో చెప్పాలి. కాదంటే ఈ నెలాఖరుతో సరి."

"తెలుసు. నాలుగుసార్లు చెప్పావు."

"నాకు నలభై ఎనిమిదేళ్ళు. ఏడాదికోసారి కాగితం పొడిగించమని చేతులు కట్టుకు నిలబడే వయసు దాటింది. ఒకచోట కూర్చోవాలని ఉంది."

"కూర్చో. ఎవరొద్దన్నారు?"

"నువ్వు?"

ఎతేరి ఒళ్ళో ఉన్న సంచిని సర్దుకుంది. "చేపలు తిరుగుతుండగా నువ్వు పదేళ్ళకి సంతకం పెడితే, నేను నా గుడ్డ తీసుకుని పోతాను."

"ఎక్కడికి?"

"అది అవి చెప్తాయి."

ఆమె బెదిరించే మనిషి కాదు. కోపంలో పళ్ళేలు పగలగొడుతుంది, అరుస్తుంది, అరగంటకి మరిచిపోతుంది. ఇప్పుడు అరవలేదు. అందుకే గురామ్ కూర్చోలేకపోయాడు. లేచి రైలుపెట్టె చివరిదాకా నడిచి, వెనక్కి వచ్చి, మళ్ళీ నడిచాడు.

నామూర్ దాటిన గంటకి రైలు ఆగింది. ముందు పట్టాల మీద చెట్లు పడ్డాయని, తీసేదాకా కదలదని గార్డు చెప్పి, దిగి స్టేషన్ ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చోమన్నాడు. ఊరి పేరు బ్రెవాల్. ఒక ప్లాట్‌ఫాం, ఒక రోడ్డు, రోడ్డుకి అటుపక్క రాతి ఇల్లు, దాని తలుపు మీద చేత్తో రాసి అంటించిన కాగితం. గురామ్‌కి గెంట్‌లో మాట్లాడే ఫ్లెమిష్ వచ్చు, ఇక్కడి ఫ్రెంచి పది మాటలకు మించి రాదు. ఎతేరి ఫ్రెంచి బడిలో చదువుకుంది.

"ఏముంది దాంట్లో?"

"నెలాఖరుకి మూసేస్తున్నారట. ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరికీ దండాలట."

లోపల సగం కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి. ఏప్రన్ కట్టుకున్న ముసలావిడ, పేరు ఓదిల్, తలుపు తెరుచుకున్న కొద్దీ లోపలికి వస్తున్న తడిసిన జనాన్ని చూసి నడుం మీద చేతులు వేసుకుంది.

"నలభై మందా! పోయిన నెలంతా కలిపి ఇంతమంది రాలేదు. ఇప్పుడొచ్చారా, నేను పోతున్నానని తెలిశాక?"

ఎతేరి ఆ మాట గురామ్‌కి తిప్పి చెప్తూనే కోటు విప్పి అతని చేతిలో పెట్టింది. వంటగదిలోకి తొంగి చూసింది. పొయ్యి మీద అడవిపంది మాంసం పెద్ద గిన్నెలో ఉడుకుతోంది. బంగాళాదుంపలు ఒలవాలి. రొట్టె చాలదు.

"పిండి ఎక్కడుంది?" అని అడిగింది ఎతేరి.

"నువ్వెవరమ్మాయ్?"

"బేకరీలో పనిచేస్తాను. నలభై మందికి రొట్టె చాలదు."

"అది నాకు కనపడట్లేదా? ఆ పెద్ద డబ్బాలో. చేతులు కడుక్కో."

గంటన్నర పాటు గురామ్‌కి భార్య మాట మాత్రమే వినిపించింది. కుర్చీలు దించాడు, బల్లలు తుడిచాడు, పళ్ళేలు మోశాడు. ఎతేరి చీజ్ కూరి గుండ్రటి రొట్టెలు కాల్చింది, వాళ్ళ ఊళ్ళో కాల్చినట్టే. ఓదిల్ మొదట ముక్కు చిట్లించి, ఒక ముక్క తిని, ఇంకో ముక్క ఏప్రన్ జేబులో వేసుకుంది. లగ్జెంబర్గ్ హోటల్లో వాళ్ళ కోసం ఉంచిన బల్ల పన్నెండున్నరకి ఖాళీగా ఉండిపోయింది. దాన్ని ఇద్దరూ తలుచుకోలేదు.

అందరూ తినడం అయ్యాక ఓదిల్ కిటికీ పక్క బల్ల చూపించి, కూర్చోండి అని చెయ్యి ఊపింది. ఎతేరి అలవాటుగా సంచిలోంచి నీలిగుడ్డ తీసి పరిచింది. చేపలు ఒక్కసారి విదిల్చుకుని, చెదిరి, ఎప్పటిలాగే ఏదో వెతుకుతున్నట్టు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి బయల్దేరాయి. ఓదిల్ మాంసం గిన్నె తెచ్చి, వాటికి తగలకుండా చూసుకుని మధ్యలో దించింది.

"వీటికేం పెడతారు?"

"రొట్టె పొడి."

"ఉప్పున్నదా, లేనిదా?"

"ఏదైనా తింటాయి. వీటికి తిండి గొడవ లేదు, స్థలం గొడవే."

ఓదిల్ నిట్టూర్చి కూర్చుంది. "నాకూ అంతే. వచ్చే నెల నుంచి చెల్లెలి ఇంట్లో ఒక గది. కిటికీలోంచి గోడ కనిపిస్తుంది." మూడు బీరు గ్లాసులు నింపింది. ఎవరూ ఏమీ అనేలోపే తన గ్లాసు పైకెత్తి, ఇద్దర్నీ చూసి, నిండు మనసుతో ఒక మాట చెప్పింది. గురామ్‌కి వచ్చిన పది మాటల్లో 'ఇల్లు' ఒకటి. మిగిలింది ఊహించుకున్నాడు. మీ ఇంటికి, మీ కాపురానికి అంటోంది.

ఎతేరి ముఖం పాలిపోయింది.

వాళ్ళ దేశంలో విందుకి వైనే ఉండాలి. విందుపెద్ద లేచి దేవుడికి, పోయినవాళ్ళకి, పుట్టబోయేవాళ్ళకి, ఇంటికి, వచ్చిన అతిథికి వరసగా గ్లాసెత్తుతాడు. బీరుతో మాత్రం ఎవరి మేలూ కోరరు. బీరు గ్లాసు ఎత్తేది శత్రువుకే. ఇప్పటి కుర్రకారు పట్టించుకోరు కానీ కుతైసి పాతవాళ్ళ ముందు బీరు పట్టుకుని 'నీ పిల్లలు చల్లగా ఉండాలి' అంటే ఆ తలుపు మళ్ళీ తెరుచుకోదు. బీరు దేశంలో ఏడేళ్ళుగా గురామ్ ఈ ఇబ్బంది పడుతున్నాడు. పనివాళ్ళ విందుల్లో అందరూ ఒకరికొకరు శుభం చెప్పుకుంటుంటే అతను మాత్రం లేచి, "పార్కింగు జరిమానాలకి! మా పంటినొప్పికి!" అని గ్లాసెత్తుతాడు. మంచి హాస్యగాడని పేరు.

ఓదిల్‌కి ఇదేమీ తెలియదు. ఆవిడ గ్లాసు సగం ఖాళీ చేసి మూతి తుడుచుకుంది.

గుడ్డ మీద చేపలు ఆగిపోయాయి.

అన్నీ ఒక్కసారే. గిన్నె చుట్టూ, ఏది ఎక్కడుంటే అక్కడ, తోక కూడా ఆడకుండా. గురామ్ మెడ ముందుకి చాచాడు. ఎతేరి చేతిలోని ముక్కుతువాలు జారి కింద పడింది.

"మీ చేపలు ఆగాయి," అన్నాడు ఫ్లెమిష్‌లో, పక్క బల్ల దగ్గర సైకిలు బట్టలు ఆరబెట్టుకుంటున్న అతను.

"చూస్తున్నాం," అన్నాడు గురామ్.

రొట్టె పొడి వేశాడు. పిల్లచేప ముక్కు ముందే పడింది. అది కదల్లేదు. చెంచాతో గిన్నె మీద కొట్టాడు. గుడ్డ అంచు పట్టుకుని గుంజాడు. చేపలు గుడ్డతోపాటు జరిగాయి తప్ప ఈదలేదు.

"నిలిచాయి," అంది ఎతేరి.

"నిలవడం కాదు. జడుసుకున్నాయి."

"నిలిచాయి గురామ్."

"బీరుతో మన కాపురం మీద గ్లాసెత్తింది ఆవిడ! మనిషికే గుండె ఆగుతుంది, చేపకి ఆగదా? దెబ్బ తగిలిన పురుగు ఆగినట్టు ఆగాయి. దీన్ని నిలవడం అంటావా?"

"మా అమ్మ ఎందుకు నిలుస్తాయో చెప్పలేదు. నిలిస్తే చాలంది."

"మీ అమ్మకి వరండాలో నిలిచాయి, వైను పోసుకుని, పాటలు పాడుకుంటూ. ఈ స్టేషన్లో కాదు. ఇక్కడ పొయ్యి పెట్టుకుంటావా? ఈ ఊళ్ళో రెండంతస్తులు దాటిన ఇల్లు లేదు, నేనేం బాగుచెయ్యను? కోళ్ళగూళ్ళకి లిఫ్టులు పెట్టనా?"

ఓదిల్ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. తన వంట బాగాలేదేమోనని మాంసం ముక్క ఒకటి నోట్లో వేసుకుని చూసింది.

గురామ్ తల గోక్కున్నాడు. ఒకటే దారి ఉంది. "వైన్ అడుగు. వైనుతో నేను సరిగా, లేచి నిలబడి, ఇంటికి గ్లాసెత్తుతాను. అప్పుడు కూడా కదలకపోతే నిలిచినట్టే, నీ మాటే నెగ్గినట్టు. కదిలితే జడుపే."

ఎతేరి అతని వైపు కాసేపు చూసింది. తర్వాత వంగి ఓదిల్‌తో మాట్లాడింది. ఓదిల్ గట్టిగా తల ఊపి ఏదో చాలాసేపు చెప్పి, నేల వైపు చెయ్యి చూపించింది.

"ఏమంటోంది?"

"లేదంటోంది. అంతా అయిపోయిందట. గురువారం సరుకు బండి వస్తుందట."

"ఒక్క సీసా కూడానా?"

"హోటల్ మూసేస్తున్న మనిషి సీసాలు దాచుకుంటుందా?"

ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. గురామ్ కుర్చీలో వెనక్కి వాలాడు. చేపలు అలాగే ఉన్నాయి. అడవిపంది మాంసం చాలా బాగుంది. అతను మాత్రం సగం తిని చెంచా పక్కన పెట్టేశాడు.

మూడున్నరకి గార్డు తలుపు తీసి ఈల వేశాడు. దారి సగమే తెరిచారు, రైలు ముందుకి పోదు, వెనక్కి బ్రస్సెల్స్ వెళ్తుంది. జనం కోట్లు తొడుక్కున్నారు. ఎతేరి తొడుక్కోలేదు.

"గురువారం దాకా ఉంటాను," అంది ప్లాట్‌ఫాం మీద. వాన ఆమె జుట్టు మీద సన్నగా పడుతోంది. "ఈవిడ చేతులకి సాయం కావాలి. వైన్ వస్తే చూద్దాం."

"నాకు సోమవారమే గడువు. సోమవారం ముందొస్తుంది, గురువారం తర్వాతొస్తుంది. ఈ సంగతి నీ చేపలకి చెప్పావా?"

"ఆఫీసులో చెప్పాల్సింది నువ్వే. చెప్పుకో, అవునో కాదో."

"ఏం చెప్పను? నువ్వే చెప్పు."

"నీకేది తోస్తే అది చెప్పు గురామ్. ఈ ఒక్కసారికి చేపల్ని అడక్కు. నన్నూ అడక్కు."

ఆమె అతని కోటు గుండీ పెట్టింది. రైలు కదిలాక కూడా గురామ్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఎతేరి అప్పటికే వీపు తిప్పి రోడ్డు దాటుతోంది, పనిలోకి వెళ్తున్నట్టు తొందరగా.

ఆదివారం గురామ్ ఇల్లు ఊడ్చాడు. ఊడ్చిందే మళ్ళీ ఊడ్చాడు. బజారుకి వెళ్ళి, ఏం కొనాలో గుర్తురాక తిరిగొచ్చాడు. మధ్యాహ్నం చారు వేడి చేసుకుని వంటింటి బల్ల ముందు కూర్చున్నాడు. బల్ల మీద మామూలు ప్లాస్టిక్ గుడ్డ, దాని మీద పచ్చటి గళ్ళు. అతను చెంచా ముంచాడు. గళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. నలుదిక్కులా ఏమీ తప్పుకోవడం లేదు, ఏమీ వెతకడం లేదు, గిన్నె అంచు దగ్గర ఏదీ వచ్చి చూడటం లేదు. ఒకచోట కూర్చోవాలని ఇన్నాళ్ళూ అడిగింది ఇదే. చారు చల్లారిపోయింది. లేచి పారబోశాడు.

సాయంత్రం ఫోన్ చేశాడు.

"చేపలెలా ఉన్నాయి?"

"ఇక్కడ వాన తగ్గింది," అంది ఎతేరి. "ఓదిల్ మోకాలికి మందు రాశాను. పొద్దున పక్క ఊరి నుంచి ఆరుగురు వచ్చారు, ఆ రొట్టె కావాలని. ఎవరు చెప్పారో. నువ్వు తిన్నావా?"

"తిన్నాను."

"అబద్ధం."

"నువ్వు?"

"నిలబడే తింటున్నాను. పని ఉంది, పెట్టేస్తున్నా."

సోమవారం పదకొండింటికి మేనేజరు వౌటర్స్ బల్ల మీద కాగితాలు సిద్ధంగా పెట్టి, కలం మూత తీసి ఉంచాడు. మంచి మనిషి. గురామ్ పని అంటే అతనికి గురి.

"గురువారం దాకా ఆగలేరా?" అని అడిగాడు గురామ్.

"గురువారం ఏముంది?"

"వైన్ వస్తుంది. మా చేపల విషయం తేలాలి."

వౌటర్స్ తల పంకించాడు. "మీ చేపల్ని పోయిన క్రిస్మస్ విందులో చూశాను. నా భార్య ఇప్పటికీ అడుగుతుంటుంది. కానీ గురామ్, పోర్టు వాళ్ళకి చేపలంటే పెట్టెల్లో ఐసు మీద ఉండేవే. వాళ్ళకి నేనేమని చెప్పను? మధ్యాహ్నానికి నాకు ఒక పేరు కావాలి. నీదో, ఇంకొకరిదో."

"ఒకసారి పైకి వెళ్ళి వస్తాను."

కొత్త బిల్డింగులో తను బిగించిన లిఫ్టు ఎక్కి ఆఖరి అంతస్తు మీట నొక్కాడు. లిఫ్టు చప్పుడు లేకుండా లేచింది. పైన తలుపు తెరుచుకుంది. అవతల ఇంకా గోడల్లేని అంతస్తు, సిమెంటు వాసన, దూరంగా క్రేన్లు. తలుపు మూసుకుంది. కిందికి వచ్చాడు. మళ్ళీ పైకి వెళ్ళాడు. ఇరవై ఆరేళ్ళుగా ఈ పెట్టెల్లో ఎక్కీ దిగీ అతను ఎంత దూరం వెళ్ళి ఉంటాడో, ఏ ఊరూ చేరలేదు. ఎతేరి తన చేతుల్లో సంచి పెట్టుకుని, రైలు తప్పిపోతుందని తిడుతూ, ఊరూరా ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టకపోతే ఈ ఏడేళ్ళలో అతను చూసింది ఈ తలుపులే. చేపలు నిలిచాయో జడుసుకున్నాయో అతనికి తెలియదు. తెలిసింది ఒకటే, ఆదివారం నాడు కదలని బల్ల ముందు అన్నం సయించలేదు.

పన్నెండుకి పది నిమిషాలుండగా గురామ్ వౌటర్స్ గదిలోకి వెళ్ళి కలానికి మూత పెట్టాడు.

"ఇంకొకరి పేరు రాయండి."

"ఎక్కడికి వెళ్తావు?"

"బ్రెవాల్."

"అక్కడ లిఫ్టులున్నాయా?"

"లేవు."

వౌటర్స్ లేచి చెయ్యి కలిపాడు. "నీ పంటినొప్పి జోకు గుర్తుంటుంది," అన్నాడు.

మంగళవారం మధ్యాహ్నం గురామ్ రెండు పెట్టెలూ పనిముట్ల సంచీతో బ్రెవాల్‌లో దిగాడు. హోటల్ తలుపు మీది కాగితం చింపేసి ఉంది, నాలుగు మూలలా జిగురు మాత్రం మిగిలింది. ఎతేరి చేతులకి మోచేతుల దాకా పిండి. అతన్ని చూసి నిలబడిపోయింది. పెట్టెల్ని చూసింది. పిండి చేతులతోనే అతని ముఖం పట్టుకుంది. అతని కనుబొమలు కూడా తెల్లబడ్డాయి.

"చూశావా, నాలుగు రోజుల్లో ముసలివాణ్ణి చేశావు," అన్నాడు.

"ముందే ముసలివాడివి. పెట్టెలు పైన పెట్టు. పడకగది మెట్ల పక్కన."

"గుడ్డ ఏదీ?"

"ఉతికి బీరువాలో పెట్టాను."

"చేపలు?"

"దాంతోపాటే ఉన్నాయి. ఎక్కడికి పోతాయి?"

గురామ్ ఇంకొక మాట అడగబోయి ఆగాడు. ఆ సాయంత్రం సంచిలోంచి సుత్తి తీసి, పడకగది గోడకి మేకు కొట్టి, ఎతేరి తల్లి ఫోటో తగిలించాడు. ఫోటో కొంచెం వంకరగా ఉందని ఎతేరి అంది. తర్వాత సరిచేస్తానన్నాడు. చెయ్యలేదు.

గురువారం బండి వచ్చింది. బంగాళాదుంపలు, వెన్న, బీరు దించింది. వైన్ లేదు. "వచ్చే వారమేమో," అంది ఎతేరి పొయ్యి వైపు తిరిగి. గురామ్ ఊఁ అన్నాడు. అప్పటికి ఇద్దరూ నాలుగు పూటలు మామూలు గుడ్డ మీదే తిన్నారు. బీరువా తలుపు ఎవరూ తియ్యలేదు.

శనివారం ఉదయం ఓదిల్ అతన్ని చొక్కా పట్టుకుని వంటగది మూలకి లాక్కెళ్ళింది. గోడలో ఒక చెక్క తలుపు, దాని వెనక రెండు తాళ్ళు, నేలమాళిగ నుంచి సరుకు పైకి లాగే చిన్న లిఫ్టు. భర్త పోయిన ఏడాదే తాడు ఇరుక్కుందట, అప్పట్నుంచి తను మాళిగలోకి దిగడం మానేసిందట. ఇదంతా వేళ్ళతో, తాడుతో, మోకాలితో చెప్పింది. గురామ్‌కి ఫ్రెంచి పది మాటల నుంచి ఇరవైకి పెరిగింది, కప్పీ గురించి మాట్లాడటానికి ఆ ఇరవై చాలు. పనిముట్ల సంచి భుజాన వేసుకుని పెరటి మెట్లు దిగాడు.

టార్చి వేశాడు. గోడ పొడుగునా వైన్ సీసాలు ఉన్నాయి. అరల మీద అరలు, దుమ్ము పట్టి, కప్పు దాకా. వాటి ముందు ఒక ఖాళీ పీపా, దాని మీద దుమ్ము తుడిచిన ఒకే ఒక్క సీసా, బిరడా సగం దూర్చి. పక్కన బోర్లించిన గ్లాసు. సీసాలో ఒక గ్లాసుకి సరిపడా తగ్గింది.

చాలాసేపటికి మెట్ల మీద చప్పుడయింది. ఓదిల్, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ తిట్టుకుంటూ, ఏమైపోయాడోనని దిగి వచ్చింది. గురామ్ సీసా చూపించాడు. ఆవిడ నవ్వి, పైకి, వంటగది వైపు వేలు చూపింది. ఎతేరి. ఎప్పుడు అని అడిగాడు, ఆ మాట అతనికి వచ్చు. ఓదిల్ నోటితో రైలు కూత కూసి, చెయ్యి దూరంగా ఊపింది, రైలు వెళ్ళిపోయాక అని. మెట్ల మీంచి చూశానన్నట్టు తన కళ్ళనీ, మెట్లనీ చూపింది. పీపా మీద ఏదో గుడ్డ పరిచినట్టు రెండు చేతులతో సాపు చేసింది. లేని గ్లాసు ఎత్తి, లేచి నిలబడి మాట చెప్పినట్టు గంభీరంగా తల వంచింది. తర్వాత అరచెయ్యి చాచి, వేళ్ళు దగ్గరగా చేర్చి, పీపా మీదుగా చేపలా అటూ ఇటూ మెల్లగా ఈదించింది. ఆఖరున గుడ్డను నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుంది.

అది ముందటి శనివారం సాయంత్రం నాలుగున్నర ప్రాంతం. అప్పటికి గురామ్ ఎక్కిన రైలు నామూర్ కూడా చేరలేదు.